ఆంటిమొనీ లేని గాజు

మహారాష్ట్రలో, చంద్రపూర్‌లోని ఒక కాలేజీలో ఫణికుమార్ భౌతికశాస్త్ర విభాగాధిపతి. ఆ విభాగంలో ఉన్నదే ముగ్గురు అధ్యాపకులు. వాళ్లలో ఒకరు ఎప్పుడూ సెలవులోనే ఉండేవారు. అయినా ఫణికుమార్ ఆ పదవిని కలెక్టరు ఉద్యోగంలా మోసేవాడు. గదిలోకి ఎవరైనా వస్తే వెంటనే తల ఎత్తేవాడు కాదు. ముందున్నది ఖాళీ కాగితమైనా సరే, కాసేపు దాన్నే చూసి, తీరిగ్గా "ఊఁ" అనేవాడు.

వాళ్ల నాన్న రాజమండ్రి దగ్గరి పల్లె నుంచి చంద్రపూర్ పక్కనే ఉన్న బల్లార్పూర్‌కు, కాగితం మిల్లులో గుమాస్తాగా వచ్చాడు. ఫణికుమార్ పుట్టింది ఇక్కడే, చదివింది ఇక్కడే, ఉద్యోగమూ ఇక్కడే. కానీ నోరు తెరిస్తే "మాది గోదావరండీ" అనేవాడు. ఆ నదిని అతను చూసింది ఎక్కువగా రైలు కిటికీలోంచే. తెలంగాణ సరిహద్దు దగ్గరి రాజురా, కోర్పనా వైపు నుంచి వచ్చే తెలుగువాళ్ల మాట వింటే అతని ముక్కు దానంతటదే ముడుచుకునేది. ఊళ్లోనే బాబుపేట్‌లో ఉన్న వాళ్లింటికి పాలు పోసే ముసలాయనను కూడా "ఏంది కాదయ్యా, ఏమిటి" అని దిద్దేవాడు. పాలలో నీళ్లెక్కువయ్యాయని అడగడానికి మాత్రం భార్యను పంపేవాడు.

భార్య సుచరిత థర్మల్ స్టేషన్‌లో పనిచేసిన ఒక ఫిట్టర్ కూతురు. వాళ్ల పూర్వీకులది మంచిర్యాల. ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. పెళ్లయిన కొత్తలో ఆమె నోట "గిట్ల", "గట్ల" వచ్చినప్పుడల్లా అతను చెంచా పళ్లెం మీద కొట్టి ఆపేవాడు. ఏడాది తిరిగేసరికి ఆమె తన మాటను వంటింట్లోకి తీసుకెళ్లి దాచుకుంది. భర్త పెద్ద పరిశోధకుడన్న గౌరవంతో ఆ పని ఇష్టంగానే చేసింది.

ఆ పరిశోధన కథ ఇది.

గాజు వెలుతురును పోనిస్తుంది, కరెంటును ఆపేస్తుంది. లోహం కరెంటును పోనిస్తుంది, వెలుతురును ఆపేస్తుంది. రెండు గుణాలూ ఒకే చోట కావాలంటే, గాజు మీద కొన్ని ఆక్సైడ్లను వెంట్రుకలో నూరో వంతు కూడా లేని మందాన పూతగా వేయాలి. సెల్‌ఫోన్ తెర మన వేలిని గుర్తుపట్టేది అలాంటి పూత వల్లే. ఆ తెరల్లో వాడే ఇండియం చాలా ఖరీదు కాబట్టి, దాని బదులు చవకైన తగరం ఆక్సైడుతో పని కానివ్వాలని ఎంతోమంది ప్రయత్నిస్తుంటారు. ఫణికుమార్‌కు అతని గైడ్ ఇచ్చిన పీహెచ్‌డీ అంశం కూడా అదే.

ఒట్టి తగరం ఆక్సైడు కరెంటును అంతంతమాత్రంగానే పోనిస్తుంది. నూరు తగరం పరమాణువుల్లో రెండు మూడింటిని తీసి ఆ చోట్లలో ఆంటిమొనీ అనే మరో మూలకం పరమాణువులను కూర్చోబెడితే, ఒక్కొక్కటి ఒక్కో ఎలక్ట్రానును వదులుతుంది. కరెంటు సాఫీగా నడుస్తుంది. మోతాదు మించితే మాత్రం ఆ ఆంటిమొనీయే ఎలక్ట్రాన్ల దారికి అడ్డం పడుతుంది. పైగా పూతకు నీలి రంగు వస్తుంది, ఇంకా కలిపితే నల్లబడుతుంది. ఎంత కలపాలి, ఎంత వేడి మీద వేయాలి అన్నదే విద్య. తగరం క్లోరైడును స్పిరిట్‌లో కరిగించి, ఆంటిమొనీ ఉప్పు చేర్చి, నాలుగు వందల డిగ్రీల పైన కాలుతున్న గాజు పలక మీద తుంపరగా చల్లాలి. "దోసె పోసినంత తేలిక" అని గైడ్ ధైర్యం చెప్పాడు. ఫణికుమార్‌కు దోసె పోయడం కూడా రాదు.

చల్లినప్పుడల్లా గొంతు మండే ఆమ్లపు పొగ లేస్తుంది. ఆ పొగ అతనికి పడలేదు. తుంపర చల్లే మీట అటెండరు చేతికిచ్చి తాను క్యాంటీన్‌కు వెళ్లిపోయేవాడు. తిరిగొచ్చి చూస్తే పలకలు సున్నం కొట్టిన గోడల్లా తెల్లగా ఉండేవి. గోరు తగిలితే పొట్టు రాలేది. గడువు దగ్గరపడింది. పీహెచ్‌డీ లేకపోతే ప్రమోషన్ లేదు. అలాంటి రోజుల్లో ఒక సదస్సు కోసం హైదరాబాద్ వెళ్లి, సౌర ఘటాలు తయారుచేసే ఒక ప్రయోగశాలను నలుగురితో కలిసి చూశాడు. అక్కడ బల్ల మీద, ఫ్యాక్టరీలో పూత వేసిన గాజును కోయగా మిగిలిన ముక్కలు పడి ఉన్నాయి. అందరూ యంత్రం వైపు తిరిగినప్పుడు ఫణికుమార్ ఒక ముక్కను చొక్కా జేబులో వేసుకున్నాడు. దొంగతనం అనుకోవడానికి కూడా చాలని పని. ఎవరైనా అడిగి ఉంటే వాళ్లు నవ్వుతూ నాలుగు ముక్కలు పొట్లం కట్టి ఇచ్చేవాళ్లు.

కరెంటుకు ఆ ముక్క చూపిన నిరోధం ఎనిమిది ఓములే. నూటికి ఎనభై పాళ్ల వెలుతురును పోనిచ్చింది. దాన్నే, రెండు శాతం ఆంటిమొనీ కలిపి తాను చేసిన పూతగా థీసిస్‌లో రాశాడు. డబ్బు కడితే దేన్నైనా అచ్చువేసే ఒక పత్రికలో పేపరు వేయించాడు. పట్టా వచ్చింది. ఊళ్లో ఒక క్లబ్బువాళ్లు శాలువా కప్పారు. గాజు ముక్కను మఖమలు పెట్టెలో పెట్టి ఇంటి షోకేసులో, ఇత్తడి వినాయకుడికీ ఊటీ నుంచి తెచ్చిన గడియారానికీ మధ్య నిలబెట్టాడు. వచ్చినవాళ్లకు సుచరితే చూపించేది. "దీంట్లోంచి చూడండి, అటు పక్కన గోడ కనబడుతుంది. అయినా కరెంటు పోతుంది. మా ఆయన చేశారు" అనేది.

ఆ తర్వాత ఫణికుమార్ మళ్లీ తుంపర మీట ముట్టుకోలేదు. ఏళ్ల తరబడి అదే మాట చెప్పి చెప్పి, ఆ పలక నిజంగానే తన చేతి కింద తయారైందని నమ్మే స్థితికి వచ్చాడు. లేకపోతే తన దగ్గర పరిశోధనకు చేరిన కావేరికి, అలాంటి పలకను మళ్లీ చేసే పని అప్పజెప్పేవాడే కాదు.

కావేరిది కోర్పనా దగ్గర, తెలంగాణ సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఊరు. తండ్రి ఎర్రయ్య పత్తి రైతు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. ఎమ్మెస్సీలో మంచి మార్కులతో పాసై, ఫెలోషిప్పు సంపాదించింది. ఆమెకు కావలసిన అంశంలో పరిశోధన విద్యార్థికి ఖాళీ ఉన్నది ఫణికుమార్ దగ్గర ఒక్కచోటే. మొదటి రోజు అతను కాగితం మీంచి తల ఎత్తేదాకా ఆమె నిలబడే ఉంది.

"ఎక్కడి నుంచి?"

"కోర్పనా దిక్కు సర్."

"దిక్కు కాదు, వైపు. తెలుగు చదవడం వచ్చా?"

"గంత రాదు సర్. దుకాణాల బోర్డులు చదువుత. బడంత మరాఠీలనే అయింది."

"చదవడం రాని తెలుగు! సరేలే. నా పేపరు ఇంగ్లీషులో ఉంది, అది చదువు. అందులో ఉన్న పలకను మళ్లీ చేసి చూపించు. ఎనిమిది ఓములు. ఆ తర్వాతే కొత్త పని."

కావేరి ఆ పేపరును కంఠతా వచ్చేదాకా చదివింది. తుప్పు పట్టిన పాత హీటర్‌ను బాగు చేయించింది. పొగ బయటికి పోవడానికి పాత కూలర్ ఫ్యాను బిగించింది. పద్మాపూర్ గనుల లారీలు పోయే దారి దగ్గరే కాబట్టి, కిటికీ తెరిస్తే బొగ్గు ధూళి వచ్చి వేడి పలక మీద వాలి నల్లటి చుక్కలు పడేవి. అందుకని కిటికీలు మూసుకునే పనిచేసింది. మే నెలలో ఆ గదిలో హీటర్ పక్కన నిలబడితే కళ్లు బైర్లు కమ్మేవి. ముఖానికి తడి దస్తీ కట్టుకుని చల్లేది.

పలకలు బాగానే వచ్చాయి. ఆంటిమొనీ లేకుండా వేలల్లో ఉన్న నిరోధం, ఒక శాతానికి వందల్లోకి దిగింది. రెండున్నర దగ్గర అరవైకి వచ్చింది. వేడి, తుంపర దూరం సరిచేసుకుంటే నలభై ఏడు దాకా దిగింది. అక్కడి నుంచి ఇక కదల్లేదు. నాలుగు శాతానికి మళ్లీ పెరిగింది. అంతదాకా కనీకనపడని నీలి నీడ పలక మీద తేటగా కనిపించింది. ఎనిమిదికి సిరా చిందినట్టయింది. కావేరి ఆ పలకలన్నీ తెల్ల కాగితం మీద వరసగా పేర్చి సంబరంగా ఫణికుమార్‌కు చూపించింది. నిజానికి అది చక్కటి పని. మోతాదు మారితే గుణం ఎలా మారుతుందో ఆ వరస చూస్తేనే తెలిసిపోతుంది.

ఫణికుమార్ ఆ రంగులవైపు చూడనైనా లేదు.

"ఎనిమిది ఏదీ?"

"వస్తలేదు సర్. నలభై ఏడు కంటే కిందికి దిగుతలేదు."

"మీ ఊళ్లో పత్తికి మందు కొట్టినట్టు కొడుతున్నావేమో."

"మా నాయిన మందు గొడ్తే ఒక్క ఆకు తప్పది సర్. నేను గూడ గట్లనే కొడుతున్న. మీ పలక ఒక్కసారి ఇస్తరా? పక్కకు పెట్టుకుని చూస్త."

"అది ముట్టుకుంటే పాడవుతుంది. నీ చేతకానితనానికి నా పలకను బలిపెట్టమంటావా?"

మరో ఏడాది అలాగే గడిచింది. అతను ప్రతి సమీక్షలోనూ "పురోగతి అసంతృప్తికరం" అని రాశాడు. ఆమెతో పరీక్ష పేపర్లు దిద్దించుకున్నాడు, తన పాఠాలు ఆమెతో చెప్పించాడు. ఇంటికి జవాబు పత్రాల కట్టలు మోయించాడు. ఆ కట్టలు మోసుకెళ్లిన ఒక మధ్యాహ్నం అతను ఇంట్లో లేడు. సుచరిత ఆమెను కూర్చోబెట్టి అన్నం పెట్టింది.

"ఎండల పడి వచ్చినవు. తిను బిడ్డా," అంది. చాలా ఏళ్లకు ఇంటి ముందు గదిలో ఆమె నోట ఆ మాట వచ్చింది.

తింటూ తింటూ కావేరి షోకేసులో పెట్టెను చూసింది. "గదేనా మేడం, సారు చేసింది?"

"అదే. నువ్వు చూడలేదా? నీకు చూపెట్టకుంటే ఇంకెవరికి చూపెడ్తరు?" సుచరిత పెట్టె తీసి చేతిలో పెట్టింది. "తీస్కపో. చూసుకుని మెల్లగ తెచ్చియ్యి. ఆయన చేసింది ఆయన విద్యార్థికి పనికొస్తే మంచిదే గద."

కావేరి ఆ సాయంత్రమే దాన్ని కొలిచింది. ఎనిమిది ఓములే! ఆమె మొదట సిగ్గుపడింది. సారు నిజమే చెప్పాడని, తన చేతిలోనే లోపం ఉందని అనుకుంది. ఆ మనిషి మీద మొదటిసారి ఆమెకు గౌరవం కలిగింది. అది ఎంతోసేపు నిలవలేదు. ముక్కను దీపం కింద తిప్పి చూస్తుంటే ఒక్కొక్కటే బయటపడింది. కాలేజీలో వాడే పలకలకంటే అది రెండింతల మందం. పూత వేసేటప్పుడు పలకను పట్టి ఉంచే క్లిప్పుల గుర్తులు మూలల్లో ఉండాలి, లేవు. పూత అంచు దాకా ఉంది, అంటే పెద్ద గాజుకు పూత వేశాక కోసిన ముక్క. నీలి రంగు జాడ ఎంత వెతికినా లేదు. రెండు శాతం ఆంటిమొనీకి, తెల్ల కాగితం మీద పెట్టి చూస్తే, కొంచెమైనా తెలియాలి.

ఆమె తొందరపడలేదు. తన పలకనూ ఆ ముక్కనూ పరీక్ష కోసం నాగపూర్‌కు తీసుకెళ్లింది. పూతలో ఏ మూలకం ఎంత ఉందో ఎక్స్‌రేలతో చెప్పే యంత్రం అక్కడ ఒక ప్రయోగశాలలో ఉంది. ఫలితం వచ్చింది. ఆమె పలకలో తగరం, ఆక్సిజన్, ఆమె కలిపినంత ఆంటిమొనీ. ఫణికుమార్ ముక్కలో తగరం, ఆక్సిజన్, కొంచెం ఫ్లోరిన్. ఆంటిమొనీ సున్నా. ఫ్లోరిన్ తగరం చోటును కాదు, ఆక్సిజన్ చోటును తీసుకుంటుంది. దాంతో చేసిన పూతకు నీలి రంగు రాదు, కరెంటు ఇంకా బాగా నడుస్తుంది. ఫ్యాక్టరీలు గాజుకు వేసే పూత అదే.

కావేరి ఆ ఫలితాన్ని అతని బల్ల మీద పెట్టింది. అతను ఈసారి కాగితం నుంచి తల ఎత్తకపోవడానికి కారణం ఉంది.

"ఈ యంత్రాలు తప్పు చూపిస్తాయి," అన్నాడు చివరికి.

"నా పలకది సరిగ్గనే చూపింది సర్."

"ఇన్నేళ్లు బయట ఉంది. ఫ్లోరిన్ గాల్లోంచి చేరి ఉంటుంది."

"చంద్రపూర్ గాలిల అన్నీ ఉంటయి సర్. కానీ పూతల ఉన్న ఆంటిమొనీని ఏరుకపోయే గాలి ఏడ లేదు."

అతని ముఖం ఎర్రబడింది. ముందు, ఆ ముక్క ఎవరిచ్చారని గద్దించాడు. తర్వాత, థీసిస్ మీద సంతకం పెట్టేది తానేనని గుర్తుచేశాడు. అదీ పనిచేయకపోయేసరికి లేచి తలుపు దగ్గరగా వేసి, గొంతు మెత్తగా చేశాడు. "చూడమ్మా కావేరీ, ఇందులో మంచి పేపరు ఉంది. ఫ్లోరిన్ పూత, ఆంటిమొనీ పూత, రెండింటి పోలిక. కలిసి రాద్దాం. సీనియర్ని కాబట్టి నా పేరు ముందుంటుంది."

కావేరికి కోపం రావలసింది. రాలేదు. బురదలో కాలు పెట్టినప్పటి రోత కలిగింది.

"గిట్ల మాట్లాడనీకి మీకెట్ల మనసొస్తుంది సర్?" అని బయటికి వచ్చేసింది.

ప్రిన్సిపాల్ ప్రహ్లాద్ సారు మరాఠీ మనిషి, చెడ్డవాడు కాదు, పదవి పోకుండా చూసుకునే రకం. ఆమె చెప్పిందంతా విన్నాడు. కంప్యూటర్‌లో ఆ పత్రిక పేరు కొట్టి చూశాడు. పత్రిక ఎప్పుడో మూతపడింది. దాని వెబ్‌సైటు చిరునామాలో ఇప్పుడు ఎవరో బూట్లు అమ్ముతున్నారు. "లేని పత్రికలోంచి పేపరు వెనక్కి తీసుకోమని ఎవరికి రాయాలి?" అన్నాడు మరాఠీలో. "వచ్చే నెల తనిఖీవాళ్లు వస్తున్నారు. విభాగాధిపతి మీద గొడవ వద్దు. నీకు గైడ్‌ను మారుస్తాను. చాలా?"

చాలదని కావేరికి తెలుసు. యూనివర్సిటీకి కూడా రాసింది. అందిందని ఒక జవాబు వచ్చింది, అంతటితో సరి. ఆమె నాగపూర్‌లో కొత్త గైడ్ దగ్గర చేరింది. వెళ్లేముందు గాజు ముక్కను బాబుపేట్‌కు తీసుకెళ్లి, సుచరిత చేతికే ఇచ్చి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అంతా విన్నాక సుచరిత, "నాకు చెప్పి మంచిపని జేసినవు," అంది.

ఆ సాయంత్రం అతను టీ తాగుతుండగా ఆమె ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఆ గాజు మీరు జేసిందా, కాదా?"

"నీకు సైన్స్ అర్థం కాదు, సుచరితా. కూర్పు కాలంతో పాటు..."

"సైన్స్ అడుగుతలేను. మీరు జేసిందా, కాదా?"

ఫణికుమార్ కప్పులోకి చూశాడు. "అప్పుడు పరిస్థితి అలాంటిది," అన్నాడు.

ఆమె అరవలేదు, పుట్టింటికి పోలేదు. ఆ రోజు నుంచి అతనితో తన మాటలోనే మాట్లాడసాగింది. మొదటిసారి అతను అలవాటుగా చెంచా ఎత్తితే, "సప్పుడు జేయకుండ తినుండ్రి," అంది. చెంచా కిందికి దిగింది. పెట్టెను షోకేసులోంచి తీయలేదు. చుట్టాలు వచ్చి అదేమిటని అడిగితే, "హైదరాబాద్‌ల ఏదో బల్ల మీద దొరికిందట" అని చెప్పి, లోపలికి వెళ్లి పకోడీలు తెచ్చేది. అతను అదేదో హాస్యమన్నట్టు అందరికంటే ముందు నవ్వేవాడు. అది చూస్తే ఎంత గిట్టనివాడికైనా తల తిప్పుకోవాలనిపిస్తుంది.

కావేరి రెండేళ్లలో థీసిస్ పూర్తిచేసింది. అతి తక్కువ నిరోధం నలభై ఏడు దగ్గరే ఆగింది. అంతే రాసింది. ఎందుకు ఆగిందో, ఏ మోతాదు దగ్గర నీలం మొదలైందో, ఎక్కడ పూత చెడిందో వివరంగా రాసింది. నాగపూర్‌లో అందరి ముందు జరిగే మౌఖిక పరీక్ష, బహిరంగ వైవా రోజున ఎర్రయ్య తెల్ల చొక్కా వేసుకొచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా కూతురు చూపిన ప్రతి బొమ్మకూ తల ఊపాడు.

వచ్చినవాళ్లకు హాజరు సర్టిఫికెట్లు ఇస్తారని తెలిసి ఫణికుమార్ కూడా వచ్చాడు. ఊరికే కూర్చుని వెళ్లినా బాగుండేది. ప్రశ్నల వేళ లేచి గొంతు సవరించుకుని, "ఇంతకంటే చాలా తక్కువ నిరోధం సాధించిన పరిశోధన మన ప్రాంతంలోనే ఉంది కదా? మీరు దాన్ని ఎందుకు దాటలేకపోయారు?" అని ఇంగ్లీషులో అడిగాడు. ఫణికుమార్ పేరు ఆమె బయటపెట్టదని అతని ధీమా.

కావేరి చెప్పలేదు. ఆ పలకను తాను కొలిచానని, అది ఫ్యాక్టరీ గాజని, అందులో ఆంటిమొనీ లేదని, పరీక్ష ఫలితం నాలుగో అధ్యాయంలో ఉందని మాత్రం చెప్పింది. ఔరంగాబాద్ నుంచి వచ్చిన పరీక్షకురాలు ఆసక్తిగా కళ్లద్దాలు సర్దుకుని ఫణికుమార్ వైపు తిరిగింది.

"మీకు ఆ పరిశోధన తెలిసినట్టుంది. ఎవరు చేశారు?"

హాల్లో చంద్రపూర్ నుంచి వచ్చినవాళ్లు నలుగురైదుగురు ఉన్నారు. వాళ్లందరికీ తెలుసు. ఫణికుమార్ వాళ్లను ఒకసారి చూశాడు. తన పీహెచ్‌డీ, తన ప్రమోషన్, తన శాలువా అన్నీ ఆ జవాబులోనే ఉన్నాయి.

"గుర్తు లేదండీ," అని కూర్చున్నాడు.

పరీక్షకులు కావేరికి పట్టా సిఫారసు చేశారు. చప్పట్ల మధ్య ఎర్రయ్య లేచి, ఏం చేయాలో తోచక అందరికీ దండం పెట్టాడు. బయట సమోసాలు, టీ పెట్టారు. ఫణికుమార్ సర్టిఫికెట్ తీసుకుని, రెండు సమోసాలు కాగితంలో చుట్టించుకుని, వరోరా మీదుగా చంద్రపూర్ వెళ్లే బండి అందుకోవడానికి గబగబా స్టేషన్ వైపు నడిచాడు. అతను ఇప్పటికీ విభాగాధిపతే.